పూండి చెరువుకి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? పడవ షికారు ఉందా?

కొళత్తూరు కోడలు

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకి మా అక్క పిల్లలు గుంటూరు నుంచి వస్తున్నారు. పెద్దాడికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఆరు. మెరీనా, వండలూరు జూ పోయినసారే అయిపోయాయి. మాల్‌లో తిప్పితే పర్సు ఖాళీ కావడం తప్ప ఇంకేం ఉండదు.

మా మామగారు కొళాయి తిప్పినప్పుడల్లా "కృష్ణమ్మ వస్తోంది" అంటుంటారు. ఆ నీళ్ళు ముందు పూండి చేరి, అక్కణ్ణించి మనకి వస్తాయట. ఈ సంగతి ఫోన్లో చెప్పానో లేదో, పెద్దాడు "మా కృష్ణ మీ ఊరికెలా వచ్చింది పిన్నీ, నాకు చూపించాల్సిందే" అని పట్టుబట్టాడు.

మాకు కారు లేదు. లోకల్ రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలమా? పడవ షికారు ఉందా? తినడానికి ఏమైనా దొరుకుతుందా, పులిహోర కట్టుకుపోవాలా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి.

ఓఎంఆర్ బాధితుడు

పడవ కావాలంటే ముట్టుకాడు వెళ్ళండి. పూండిలో ఏముందండీ, గట్టు, గేట్లు, నీళ్ళు. పైన ఎండ. అరగంటకే పిల్లలు ఫోన్ అడుగుతారు.

పెరంబూరు తాత

అమ్మాయ్, ఆ అబ్బాయి మే నెలలో మిట్టమధ్యాహ్నం వెళ్ళి ఉంటాడు, అందుకే అలా అంటున్నాడు. జనవరిలో పూండి బాగుంటుంది. వానలు బాగా పడిన ఏడాదైతే చెరువు నిండుగా ఉండే రోజులు అవి.

మీకు విల్లివాక్కం స్టేషన్ దగ్గర. అక్కడ తిరువళ్ళూరు లోకల్ గానీ అరక్కోణం లోకల్ గానీ ఎక్కండి. తిరువళ్ళూరులో దిగితే పూండి ఇంకో పది, పన్నెండు కిలోమీటర్లు. బస్సులున్నాయి గానీ పిల్లలతో వేచి ఉండటం కష్టం అనుకుంటే ఆటో మాట్లాడుకోండి. పోనూ రానూ అని ముందే చెప్పాలి, లేకపోతే తిరుగు ప్రయాణంలో ఆ గట్టు దగ్గర ఆటో కోసం పడిగాపులే. పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే చేరుకుంటారు. కాణుం పొంగల్ (మన ముక్కనుమ) నాడు మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు మద్రాసు మద్రాసంతా వీధుల్లోనే ఉంటుంది.

పెద్దాడు అడిగితే చెప్పడానికి నాలుగు ముక్కలు. పూండి లేనప్పుడు ఊరికంతటికీ రెడ్‌హిల్స్, చోళవరం చెరువులే దిక్కు. 1939 ప్రాంతంలో సత్యమూర్తి గారు మద్రాసు మేయరు. ఊరు పెరుగుతోంది, ఉన్న నీళ్ళు చాలవు, కొశస్థలై నది మీద ఆనకట్ట కట్టాల్సిందేనని ఆయన వెంటపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో పని నడిచి 1944లో పూర్తయింది. ఆయన మాత్రం 1943లోనే కన్నుమూశారు. తర్వాత ఆ జలాశయానికి సత్యమూర్తి సాగర్ అని పేరు పెట్టారు. బోర్డు మీద ఆ పేరు, జనం నోట్లో పూండి.

కొళత్తూరు కోడలు

తాతగారూ, మీరు ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. ఒక డౌటు. పూండి కట్టింది 1944లో అంటున్నారు, కృష్ణ నీళ్ళు అప్పటినుంచే వస్తున్నాయా? వాడు అడిగితే తెల్లమొహం వెయ్యాలి నేను.

క్యూసెక్కు

లేదండీ, కృష్ణ నీళ్ళు పూండిలో మొదటిసారి పడింది 1996 సెప్టెంబరులో. అంతకుముందు యాభై ఏళ్ళు అది కొశస్థలై వాననీటి చెరువే.

కథ ఇలా. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణ వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు మద్రాసు తాగునీటికి వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. మొత్తం 15. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు. దారిలో 3 టీఎంసీలు ఆవిరికీ ఇంకుడికీ పోతాయని లెక్కగట్టి, సరిహద్దు దగ్గర 12 ఇవ్వాలన్నారు. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం అయింది, అదే తెలుగు గంగ. దారి చెబుతాను, పెద్దాడి చేత అట్లాసులో గీయించండి: శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు. కండలేరు నుంచి కాలువ 152 కిలోమీటర్లు నడిచి ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి వస్తుంది. ఆ చోటిని జీరో పాయింట్ అంటారు. అక్కణ్ణించి ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి.

మీ మామగారి మాట గురించి: మీ కొళాయిలో వచ్చేదంతా కృష్ణే అని చెప్పలేం. పూండి నుంచి నీళ్ళు నేరుగా ఊళ్ళోకి రావు. ఒక లింక్ కాలువ చెంబరంబాక్కానికి పోతుంది. నది వెంబడి కిందికి వదిలినవి తామరైపాక్కం ఆనకట్ట దగ్గర మళ్ళించి చోళవరం, రెడ్‌హిల్స్‌కి పంపుతారు. శుద్ధి చేసే ప్లాంట్లు రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం వైపు ఉన్నాయి. కొళత్తూరుకి రెడ్‌హిల్సే దగ్గర. అందులో వాననీరు ఉంటుంది, పూండి నీరు ఉంటుంది, కండలేరులో గేట్లు తెరిచిన నెలల్లో కృష్ణా ఉంటుంది.

ఆత్మకూరోణ్ణి

క్యూసెక్కు అన్నా, కొశస్థలై మాత్రం ఎక్కడిదనుకుంటున్నావు? మన చిత్తూరు జిల్లా కొండల్లో పడిన వాన కూడా అందులోకే దిగుతుంది. మా వాళ్ళు కుశస్థలి అంటారు. కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం రిజర్వాయరు నిండి గేట్లు తీస్తే ఆ నీళ్ళు మీ పూండికే. నగరి ఏరు కూడా దాంట్లోనే కలుస్తుంది. కృష్ణ వచ్చినా రాకపోయినా మీరు తాగేది సగం మా నీళ్ళే సామీ.

ఓఎంఆర్ బాధితుడు

అవును, మీ నీళ్ళే. అందుకే 2019 ఎండల్లో ఊరు అల్లాడుతుంటే రాలేదు. ఒప్పందంలో 12 టీఎంసీలు, చాలా ఏళ్ళు అందులో సగం కూడా రాలేదు. ఆ జూన్‌లో మా ఆఫీసులో బాత్‌రూములకి తాళాలు వేసి, ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు లారీకి అడిగినంత ఇచ్చి కూడా రాత్రి రెండింటిదాకా కాపలా కాసేవాళ్ళు. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెప్పించుకున్న ఊరండీ ఇది, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. ఇంత ఊరికి అదేం మూలకి?

ఆత్మకూరోణ్ణి

ఆ ఏడాది మాకు మాత్రం ఉన్నాయా? శ్రీశైలంలో నీళ్ళు ఉంటే కదా సోమశిలకి వచ్చేది, సోమశిలకి వస్తే కదా కండలేరుకి పోయేది. కండలేరు 68 టీఎంసీల చెరువు అని పేరే గానీ అడుగున బురద కనిపించిన వేసవులు మేం చూశాం. తిరుపతి ఊరికి తాగునీళ్ళు కూడా తెలుగు గంగ నుంచే, అది మర్చిపోవద్దు.

ఇంకో మాట. నారు ఎండిపోతుంటే కళ్ళ ముందు కాలువ నిండుగా పోతుంటుంది, "ఇది తాగునీరు, ముట్టుకోకు" అంటారు. కాలువలో మోటార్లు పెట్టి తోడుకోవడం తప్పే, నేను కాదనను. కానీ చెన్నైలో కూర్చుని "ఆంధ్రా వాళ్ళు దొంగిలించారు" అని వార్తల్లో చదివి తిట్టేవాళ్ళు ఒక్కసారి రాపూరు, వెంకటగిరి వైపు వచ్చి ఆ చేలు చూడాలి.

నిర్వాహకులు

రాష్ట్రాల గొడవ వేరే చర్చలో పెట్టుకోండి, దయచేసి. ఇక్కడ అడిగింది పిల్లల్ని తీసుకెళ్ళడం గురించి.

పెరంబూరు తాత

నిర్వాహకుల వారు ఒక్క నిమిషం ఓర్చుకోవాలి, దీనికి సంబంధించిందే చెబుతాను. కాలువ మొదట్లో మట్టి కాలువ. గట్లు తెగేవి, దారిలో ఇంకిపోయేవి, సరిహద్దు చేరేసరికి సన్నటి ధార మిగిలేది. 2002లో సత్యసాయిబాబా గారు దాన్ని బాగుచేయిస్తానని ప్రకటించారు. ఆయన ట్రస్టు సిమెంటు లైనింగ్ వేయించింది, కండలేరు గట్టు కూడా పటిష్ఠం చేయించింది. అప్పటినుంచే దాన్ని సాయి గంగ అంటున్నారు. పుట్టపర్తి వారి చేత్తో మద్రాసుకి నీళ్ళు రావడం నా వయసు వాళ్ళకి చిన్న విషయం కాదు నాయనా. మా వీధిలో చేతిపంపు ముందు రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉండేవి. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అని జుట్లు పట్టుకున్నారు ఆడవాళ్ళు. పంపు కొడితే ముందు గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్ళు.

రాతిగొడ్డలి

పిల్లల గురించి అడిగారు కాబట్టి అసలు సంగతి నేను చెబుతాను. పూండిలో పిల్లలకి చెరువు కన్నా మంచిది అక్కడి మ్యూజియం. తమిళనాడు పురావస్తు శాఖది, ఆదిమానవుల రాతి పనిముట్ల మీద పెట్టింది. చిన్నదే, అరగంటలో అయిపోతుంది, కానీ పక్కన చెప్పేవాళ్ళు ఉండాలి.

పూండి చుట్టుపక్కల నది దగ్గర్లో అత్తిరంపాక్కం అనే ఊరుంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ రాతి గొడ్డళ్ళు కనుక్కున్నాడు. అదే ఏడాది పల్లావరంలో ఆయనకి దొరికినదే మన దేశంలో గుర్తించిన మొదటి పాత రాతియుగం గొడ్డలి. అత్తిరంపాక్కం తవ్వకాల్లో దొరికిన పనిముట్లలో పాతవి 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేల్చారు. మళ్ళీ 2018లో, చిన్న పెచ్చులు తీసి పనిముట్లు చేసే కొత్త పద్ధతి అక్కడ 3,85,000 ఏళ్ళ కిందటే మొదలైందని శాంతి పప్పు గారి బృందం ప్రకటించింది.

చేగొడ్డలిని చూపించేటప్పుడు పిల్లల్ని అద్దానికి దగ్గరగా నిలబెట్టండి. గోధుమ రంగు గట్టి రాయి, అరచేతికి సరిపోయేంత. మొదలు గుండ్రంగా, కొస మొనదేలి ఉంటుంది. రెండు పక్కలా పెచ్చులు ఊడిన గుంటలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో గుంట ఒక్కో దెబ్బ. ఎన్ని దెబ్బలు కొట్టి ఉంటారో లెక్కపెట్టమనండి, పది నిమిషాలు కదలరు. నేను స్కూలు పిల్లల్ని ఇలాగే కూర్చోబెడతాను. బయట ఏరిన రాళ్ళు మాత్రం జేబులో వేసుకోనివ్వకండి.

కొళత్తూరు కోడలు

ఇది మాకెవరూ చెప్పలేదే! పెద్దాడికి ఇవంటే పిచ్చి. గుడియం గుహలు కూడా అక్కడేనా? ఎక్కడో విన్నాను.

రాతిగొడ్డలి

ఆ ప్రాంతంలోనే, కానీ ఆరేళ్ళ పాపతో వద్దండీ. అడవిలో, రాళ్ళలో చాలా దూరం నడవాలి. ఇంకో అయిదారేళ్ళు ఆగండి.

బురుజు కర్నూలు

ఈ చర్చ ఇప్పుడే చూశాను. నేనూ ఒకటి కలుపుతాను. పూండిలో ఊన్రీశ్వరర్ గుడి ఉంది, తప్పక చూడండి. సుందరమూర్తి నాయనారు అనే శివభక్తుడు చూపు కోల్పోయి అక్కడికి వస్తే శివుడు కళ్ళివ్వకుండా ఊతకర్ర ఇచ్చాడట. ఆయనకి కోపం వచ్చి కర్ర విసిరితే నంది కొమ్ము విరిగిందని చెబుతారు. ఇప్పటికీ నందికి ఒక కొమ్ము విరిగే ఉంటుంది, చిన్నపాపకి చూపించండి.

నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ గుడి మొదట ఉన్న చోటు వేరు, చెరువు కడితే అది నీట మునిగింది. రాళ్ళు విప్పి తెచ్చి ఇప్పుడున్న చోట మళ్ళీ కట్టారు. మాకు శ్రీశైలం డ్యామ్‌తో అదే జరిగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. మా నాయనమ్మ వాళ్ళ ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. వేసవిలో నీళ్ళు తగ్గితే గోడలు బయటపడతాయని చెప్పుకుంటారు మావాళ్ళు. మద్రాసు వాళ్ళు తాగే కృష్ణ నీళ్ళు మా ఊరి మీదుగా వస్తాయి. ఎవరినీ దెప్పడానికి కాదు, ఊరికే చెప్పాలనిపించింది.

పెరంబూరు తాత

మంచి మాట రాశావు బాబూ. ఆ గుడికి ఎన్నోసార్లు వెళ్ళాను గానీ అలంపురం సంగతి నాకు తట్టలేదు.

ఆత్మకూరోణ్ణి

అక్కా, కారు దొరికితే మాత్రం పూండితో ఆపొద్దు. ఊత్తుకోట దాటగానే మన వైపు సురుటుపల్లి. శివుడు పడుకుని ఉండే గుడి, పార్వతీదేవి ఒడిలో తలపెట్టి. హాలాహలం తాగి సోలిపోయాడని కథ. ఆ దగ్గర్లోనే నాగలాపురం వేదనారాయణస్వామి గుడి. పొద్దున పూండి, మధ్యాహ్నం జీరో పాయింట్, సాయంత్రం సురుటుపల్లి. ఒక్క రోజులో రెండు రాష్ట్రాలు.

క్యూసెక్కు

జీరో పాయింట్ దగ్గరైనా, పూండి దగ్గరైనా కాలువలోకి పిల్లల్ని దిగనివ్వకండి. ఇది మొహమాటానికి చెప్పడం లేదు. లైనింగ్ వేసిన కాలువ పక్కలు ఏటవాలు సిమెంటు. నీటి అంచున జానెడు మేర ఆకుపచ్చటి పాచి పట్టి ఉంటుంది. కాళ్ళు కడుక్కుందామని దిగినవాడు జారతాడు, పైకి రావడానికి పట్టు దొరకదు. గోరు దూరేంత సందు కూడా ఉండదు ఆ పలకల మధ్య. పైకి నీళ్ళు నిదానంగా పోతున్నట్టే ఉంటాయి. ఈత వచ్చినవాళ్ళే పోయారు. నేను కొన్నేళ్ళు కాలువ పనుల్లో ఉన్నాను, చూడకూడనివి చూశాను.

చెరువులో కూడా అంతే. గేట్ల దగ్గర నీరు లోపలికి లాగుతుంది. ఒడ్డున బురద గట్టిగా కనిపిస్తుంది, మోకాలి దాకా దిగబడుతుంది.

నీటికాకి

బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్ళండి. జనవరిలో ఆ నీళ్ళ మీద కొంగలు, నీటికాకులు బాగా ఉంటాయి. నీటికాకి మునిగి ఎంతసేపటికి తేలుతుందో చూడమనండి పిల్లల్ని. తేలాక రెక్కలు రెండూ చాపి గట్టున ఆరబెట్టుకుంటుంది. పక్షుల కోసమే అయితే నేలపట్టు, పులికాట్ మెరుగు, కానీ లోకల్ రైల్లో పోయి రాగలిగేది ఇదే.

కొళత్తూరు కోడలు

వెళ్ళొచ్చాం! మా ఆయన కూడా లీవు పెట్టాడు. తాతగారు చెప్పినట్టే ఆటో మాట్లాడుకున్నాం.

పెద్దాడికి నచ్చింది ఏమిటో చెబితే నవ్వుతారు. గేట్ల పక్కన గోడ మీద అడుగుల కొలత గీసి ఉంది. నీళ్ళు ఏ అంకె దగ్గర ఉన్నాయో చూసి, పూర్తిగా నిండితే 35 అడుగులని అక్కడి ఆయన చెబితే, ఇంకెన్ని అడుగులు ఖాళీ, అందులో ఎన్ని లీటర్లు అని దారంతా బుర్ర తిన్నాడు. మ్యూజియంలో రాతిగొడ్డలి గారు చెప్పినట్టే దెబ్బలు లెక్కపెట్టించాను. ఇద్దరికీ లెక్క కలవక పోట్లాట. చిన్నదానికి మాత్రం కొమ్ము విరిగిన నంది. "దానికి నొప్పి తగ్గిందా" అని మూడుసార్లు అడిగింది.

పులిహోర కట్టుకెళ్ళడం మంచిదైంది. ఒకావిడ రోడ్డు పక్కన పెనం మీద జిలేబీ చేపలు వేయిస్తోంది. కారం, పసుపు దట్టించి, గాట్లలో వెల్లుల్లి కూరి, కరివేపాకు మీద పడేసి తిప్పుతోంది. మా ఆయన రెండు తిని ఇంకోటి పొట్లం కట్టించుకున్నాడు.

బాగాలేనివి కూడా చెప్పాలి. ఆడవాళ్ళకి బాత్‌రూము లేదనే అనుకోండి. ఉన్నదాంట్లో అడుగు పెట్టలేం. పార్కులో ఉయ్యాల గొలుసు ఒకటి తెగి వేలాడుతోంది. గట్టు మీద పిల్లల్ని పట్టుకోవడానికే నాకు సగం ప్రాణం పోయింది. నీళ్ళ అంచున సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు. పడవ లేదని చిన్నది కాసేపు అలిగింది.

ఓఎంఆర్ బాధితుడు

అదే నేనంటున్నది. అంత చెరువు పెట్టుకుని పడవ వెయ్యకపోవడం ఏంటి? కయాక్‌లు పెట్టాలి, టికెట్ పెట్టాలి, ఆ డబ్బుతో బాత్‌రూములు కట్టాలి. జనం వస్తే శుభ్రం చేస్తారు. జనం రాని చోటే సీసాలు పడేసి పోతారు.

నీటికాకి

జనం వచ్చారు కాబట్టే సీసాలు పడ్డాయి బ్రదర్. కొంగలు తాగి పడేశాయా? తాగునీటి చెరువులో పెట్రోలు పడవలు తిప్పి, ఆ నూనె తెట్టు రెడ్‌హిల్స్‌కి పంపుతారా?

బురుజు కర్నూలు

నాగార్జునసాగర్ నీళ్ళు హైదరాబాదు కూడా తాగుతోంది కదా. అక్కడ నాగార్జునకొండకి లాంచీలు తిరగడం లేదా? తాగునీరు అయినంత మాత్రాన పడవ కూడదని రూలేమీ లేదు.

క్యూసెక్కు

మంచి పాయింటే, కానీ సైజు చూడాలి. సాగర్‌లో 300 టీఎంసీల పైచిలుకు పడుతుంది. పూండిలో 3.231. దాదాపు వంద పూండిలు ఒక సాగర్. నాలుగు లాంచీలు వదిలిన తెట్టు అక్కడ కనిపించదు, ఇక్కడ కనిపిస్తుంది. సాగర్ లోయలో కట్టింది, లోతు. పూండి పరుచుకున్న చెరువు.

ఓఎంఆర్ గారి కయాక్‌ల విషయంలో నూనె సమస్య లేదు, ఒప్పుకుంటాను. అసలు చిక్కు వేరే చోట ఉంది. పూండిని నింపి ఉంచుకోవడానికి కట్టలేదు, నింపి ఖాళీ చేయడానికి కట్టారు. చెన్నైకి రోజుకి 100 కోట్ల లీటర్లు పంపితే 28 రోజుల్లో ఒక టీఎంసీ అయిపోతుంది. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, 2020లో వచ్చిన తేర్వాయ్ కండిగై, అయిదూ నిండితే 11.757 టీఎంసీలు. లెక్కలో దాదాపు పదకొండు నెలల నీళ్ళు, ఎండకి ఆవిరయ్యేది తీసేస్తే అంతకన్నా తక్కువ. కాబట్టి జనవరిలో మీరు చూసిన ఒడ్డు మే నెలకి ఉండదు. నేల వాలు చాలా తక్కువ కావడంతో నీటిమట్టం ఒక్క అడుగు తగ్గితే ఒడ్డు చాలా దూరం వెనక్కి జరుగుతుంది. జనవరిలో కట్టిన పడవల రేవు ఏప్రిల్‌లో ఎండిన బురదలో నిలబడి ఉంటుంది, పడవ ఎక్కాలంటే మోకాలి లోతు బురదలో నడిచి పోవాలి. ముట్టుకాడులో ఈ బాధ లేదు, అది సముద్రంతో కలిసే బ్యాక్‌వాటర్.

నవంబరు, డిసెంబరుల్లో ఇంకో ఇబ్బంది. అప్పుడు వరద కోసం చోటు ఖాళీగా ఉంచాలి, ఎప్పుడు గేట్లు ఎత్తాల్సి వస్తుందో తెలియదు. 2015లో చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) వదిలితే అడయారు నది ఏం చేసిందో చూశాం. పూండి గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు కొశస్థలైలో పడి ఎన్నూరు దాకా పోతాయి, దారిలో మణలి న్యూటౌన్ మునుగుతుంది, 2021లో మునిగింది. అలాంటి రోజుల్లో నీటి మీద టికెట్ కొన్నవాళ్ళని పెట్టుకుని ఏ ఇంజినీరూ నిద్రపోలేడు.

ఓఎంఆర్ బాధితుడు

సరే, ఆ బురద సంగతి విన్నాక కయాక్ ఆశ వదిలేశాను. కానీ కంచె వేసి "లోపలికి రాకూడదు" అని బోర్డు పెట్టే ఆలోచన కూడా నాకు నచ్చదు. చెరువు ఎలా ఉందో చూడని ఊరు దాన్ని పట్టించుకోదు. 2019 దాకా నాకు పూండి ఎటువైపు ఉందో కూడా తెలియదు, కొళాయిలో నీళ్ళు ఆగాక మ్యాప్‌లో వెతికాను. చిన్నప్పుడు కొళత్తూరు పిల్లాడిలా ఆ కొలత గోడ చూసి ఉంటే కనీసం షవర్ కింద అరగంట నిలబడేవాణ్ణి కాదు.

నీటికాకి

ఇది ఒప్పుకుంటా. కంచె నేనూ అడగలేదు. గట్టు మీద నడవనివ్వండి, నీళ్ళలోకి దిగనివ్వకండి. అంతే నా కోరిక.

ఆత్మకూరోణ్ణి

మా కండలేరు గట్టు మీద సాయంత్రం పూట జనం నడుస్తూనే ఉంటారు. ఎవరికీ పడవ గుర్తుకి రాదు. మిరపకాయ బజ్జీ ఉంటే చాలు.

కొళత్తూరు కోడలు

అయితే ఇంత మంది ఉన్నాం, ఒక అర్జీ పెట్టకూడదూ? బాత్‌రూములన్నా బాగుపడతాయి. తమిళంలో రాయడం నాకు రాదు, మాట్లాడటమే అంతంత మాత్రం.

పెరంబూరు తాత

నేను రాసి పెడతానమ్మా. జలవనరుల శాఖకి ఒక కాపీ, తిరువళ్ళూరు కలెక్టరుకి ఒక కాపీ. సోమవారం ప్రజల అర్జీలు తీసుకుంటారు, లోకల్ ఎక్కి నేనే ఇచ్చొస్తాను, ఈ వయసులో నాకు వేరే పనేముంది. ఏమేం రాయాలో తేల్చి చెప్పండి. నాకు తోచినవి: ఆడవాళ్ళకి నీళ్ళున్న బాత్‌రూము, గట్టు మీద పిల్లల ఎత్తుకి సరిపోయే రెయిలింగు, గేట్ల దగ్గర చెత్తబుట్టలు.

క్యూసెక్కు

కాలువ పక్కన కొంచెం దూరానికొకటి చొప్పున ఇనుప మెట్లు గానీ, నీటి మీద అడ్డంగా గొలుసు గానీ అడగండి తాతగారూ. జారినవాడికి పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. దీన్ని మొదట రాయండి, బాత్‌రూము రెండోది.

రాతిగొడ్డలి

మ్యూజియం దారి చూపే బోర్డు ఒకటి మెయిన్ రోడ్డు మీద. ఇప్పుడు అడిగి అడిగి పోవాల్సి వస్తోంది.

ఓఎంఆర్ బాధితుడు

ఉయ్యాల గొలుసు కూడా రాయండి. సంతకానికి నేను రెడీ, మా టవర్‌లో ఇంకో ఇరవై మందిని పట్టుకొస్తాను. సగం మంది నెల్లూరోళ్ళే.

ఆత్మకూరోణ్ణి

అయితే ముందు వాళ్ళ సంతకాలే పెట్టించన్నా, మా నీళ్ళు కదా.